ఆండ్రియాస్ మాల్మ్, బొగ్గు, పైప్‌లైన్లు: తరచుగా అడిగే ప్రశ్నలు

వాతావరణ ఉద్యమాల గురించి నలుగురు మాట్లాడుకునే చోట ఈ స్వీడన్ ప్రొఫెసర్ పేరు వచ్చిందంటే, కాసేపటికి మాట కాస్తా వాదనలోకి దిగుతుంది. ధైర్యంగా నిజం చెప్పే మనిషని ఒకరంటే, కుర్రాళ్లను జైలుకి పంపే మనిషని ఇంకొకరంటారు. ఇద్దరూ చదివింది చాలాసార్లు 'హౌ టు బ్లో అప్ ఎ పైప్‌లైన్' (పైప్‌లైన్‌ను పేల్చడం ఎలా) అనే పుస్తకం అట్ట మీది పేరు మాత్రమే. నేనూ మొదట్లో అంతే. ఆ తర్వాత ఆయన రాసిన చరిత్ర చదివాను, అప్పుడు నా ప్రశ్నలే మారిపోయాయి. తరచుగా వినిపించే ప్రశ్నలకు నాకు తెలిసినంతలో జవాబులివి.

ఎవరీ మాల్మ్?

స్వీడన్ దక్షిణాన ఉన్న లుండ్ విశ్వవిద్యాలయంలో హ్యూమన్ ఎకాలజీ చెప్పే అసోసియేట్ ప్రొఫెసర్. మనుషులకీ ప్రకృతికీ మధ్య ఉండే ఇచ్చిపుచ్చుకోవడాలను చరిత్ర, ఆర్థికం, అధికారం అన్నీ కలిపి చదివే శాఖ అది. అంతకుముందు జర్నలిస్టు. 'అర్బేతారెన్' అనే కార్మిక వారపత్రికలో రాసేవారు. మార్క్సిస్టు, ఆ సంగతి ఎక్కడా దాచుకోరు.

ఉద్యమంలోకి మాత్రం ప్రొఫెసర్ కావడానికి చాలా ముందే వచ్చారు. ఐక్యరాజ్యసమితి వాతావరణ సదస్సుల్లో మొట్టమొదటిది 1995లో బెర్లిన్‌లో జరిగింది. అధ్యక్ష స్థానంలో అప్పటి జర్మనీ పర్యావరణ మంత్రి ఆంజెలా మెర్కెల్ ఉన్నారు. బయట నిరసనకారుల్లో కుర్రాడు మాల్మ్ ఒకరు. ఆ ఏడాది ప్రపంచం బొగ్గు, చమురు, గ్యాస్ మండించి గాల్లోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ సుమారు 2,300 కోట్ల టన్నులు. 2024 నాటికి అది 3,700 కోట్ల టన్నులు దాటింది. మధ్యలో దాదాపు ముప్పై సదస్సులు జరిగాయి. ఆయన కోపం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూస్తే చాలు.

ఆ పుస్తకంలో నిజంగా పైప్‌లైన్ పేల్చే పద్ధతి ఉందా?

లేదు. 'హౌ టు బ్లో అప్ ఎ పైప్‌లైన్' 2021 జనవరిలో వెర్సో ప్రచురణగా వచ్చిన చిన్న పుస్తకం. మందుగుండు గురించి గానీ, వైర్ల గురించి గానీ అందులో ఒక్క ముక్క లేదు. 'ఎలా' అని పేరు పెట్టి 'ఎందుకు కూడదు' అనే ప్రశ్న చుట్టూ తిరిగే పెద్ద వ్యాసం అది. ఇన్నేళ్లుగా ఉద్గారాలు తగ్గకపోయినా వాతావరణ ఉద్యమం ఒక్క యంత్రాన్ని కూడా ముట్టుకోకుండా ఇంత మర్యాదగా ఎందుకుంది అన్నది ఆయన అడిగే ప్రశ్న.

డేనియల్ గోల్డ్‌హేబర్ తీసిన సినిమా 2022లో టొరంటో ఉత్సవంలో మొదట చూపించారు. అది పూర్తిగా కల్పన. టెక్సస్‌లో కొందరు యువకులు పైప్‌లైన్‌ను పేల్చడానికి పథకం వేసే థ్రిల్లర్. పుస్తకం నుంచి తీసుకున్నది పేరు, వాదన మాత్రమే. సినిమా చూసి పుస్తకం తెరిచినవాళ్లు నిరాశపడతారు, పుస్తకం చదివి సినిమాకెళ్లినవాళ్లు టెన్షన్‌తో కుర్చీ అంచుకొస్తారు.

ఆయన అసలు పరిశోధన ఏమిటి? నీళ్లు చవకైతే ఆవిరి ఎందుకు గెలిచింది?

నా దృష్టిలో మాల్మ్ చేసిన అసలు పని ఇదే, కాబట్టి ఇక్కడ కాసేపు ఆగుదాం.

2014లో లుండ్‌లో సమర్పించిన సిద్ధాంత గ్రంథమే 2016లో 'ఫాసిల్ కాపిటల్' పుస్తకమైంది. అదే ఏడాది దానికి మార్క్సిస్టు రచనలకిచ్చే డాయిషర్ స్మారక బహుమతి వచ్చింది. విషయం బ్రిటన్ నూలు మిల్లులు, ముఖ్యంగా 1825 నుంచి 1848 దాకా.

మనం బళ్లో నేర్చుకున్న కథ సులువు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రాన్ని బాగుచేశాడు, బొగ్గు చవకగా దొరికింది, ఫ్యాక్టరీలు బొగ్గుకి మారాయి. అయితే వాట్‌కి పేటెంటు వచ్చింది 1769లో. చక్రాన్ని తిప్పగల యంత్రం 1780ల్లోనే తయారైంది. మరి ఆ తర్వాత నలభై ఏళ్లపాటు నూలు మిల్లుల్లో నీటి చక్రమే ఎందుకు పెద్దదిక్కుగా ఉంది? 1820ల చివర్లో గాలి ఉన్నట్టుండి ఎందుకు మళ్లింది? మాల్మ్ పాత మిల్లుల లెక్కలు, ఫ్యాక్టరీ ఇన్‌స్పెక్టర్ల నివేదికలు తిరగేసి చెప్పేదేమిటంటే, మార్పు జరుగుతున్న కాలంలో కూడా నీళ్లే చవక. నది ఎవరికీ బిల్లు పంపదు. బొగ్గును తవ్వాలి, మోయాలి, కొనాలి.

పోనీ నీళ్లకు కరువొచ్చిందా అంటే అదీ కాదట. స్కాట్లండ్‌లోని గ్రీనక్‌లో రాబర్ట్ థామ్ అనే ఇంజనీరు 1827 నాటికి కొండల మీద జలాశయాలు కట్టించి, కాలువల ద్వారా ఊరికి నీళ్లు తెచ్చి, మిల్లులకు లెక్కగా పంచి చూపించాడు. లాంకషైర్‌లోని ఇర్వెల్ నది మీద కూడా అలాంటి పథకం వేశారు. అయితే ఉమ్మడి జలాశయానికి ఉమ్మడి ఖర్చు, ఉమ్మడి నిర్వహణ ఉంటాయి. పక్క మిల్లువాడితో వంతులు పంచుకోవాలి. ఎవరి మిల్లుకి వాళ్లే రాజులైన యజమానులకు అది రుచించలేదు.

ఇక కూలీలు. మంచి ప్రవాహం ఉండేది పల్లెపట్టున. అక్కడ మిల్లు పెడితే మనుషుల్ని తెచ్చుకోవాలి, ఇళ్లు కట్టాలి, బడి, చర్చి ఏర్పాటు చేయాలి. వాళ్లు సమ్మె చేస్తే బదులు మనుషులు దొరకరు. మాంచెస్టర్ లాంటి పట్నంలో అయితే ఒకరు మానేస్తే గేటు బయట పదిమంది. నది తన చోటు వదిలి రాదు, బొగ్గు మాత్రం బండెక్కి పట్నానికి వస్తుంది. దీనికి తోడు పిల్లల పని గంటలకు హద్దు పెట్టిన 1833 చట్టం, 1847 పది గంటల చట్టం వచ్చాయి. అంతకుముందు నీళ్లు తగ్గిన రోజు మిల్లు ఆపి, నీళ్లొచ్చాక రాత్రి దాకా పనిచేయించి లోటు పూడ్చుకునేవారు. చట్టంతో ఆ దారి మూసుకుపోయింది. తక్కువ గంటల్లో ఎక్కువ పని పిండాలంటే చెప్పినప్పుడు తిరిగి, చెప్పినంత వేగంగా తిరిగే యంత్రం కావాలి.

కాబట్టి బొగ్గును గెలిపించింది ధర కాదు, పని మీదా మనిషి మీదా అది ఇచ్చిన పట్టు. మాల్మ్ వాదన మొత్తానికి ఇరుసు ఇదే. తర్వాత రాసినవన్నీ దీని చుట్టూ తిరిగేవే.

1842 ఆగస్టు సమ్మెలో కార్మికులకు కూడా ఈ సంగతి బాగా తెలుసనిపిస్తుంది. గుంపులుగా మిల్లు నుంచి మిల్లుకి నడిచి నేరుగా బాయిలర్ దగ్గరికి వెళ్లి దాని బిరడా ఊడగొట్టేవారు. వేడినీళ్లన్నీ నేలపాలు, ఆవిరి చచ్చిపోయేది, పైన యంత్రాలన్నీ ఆగిపోయేవి. మగ్గాన్ని పగలగొట్టే పని లేదు, ఒక్క బిరడా తీస్తే చాలు. చరిత్రలో ఈ సమ్మెకి 'ప్లగ్' (బిరడా) అల్లర్లన్న పేరే నిలిచింది.

ఈ చరిత్రను అందరూ ఒప్పుకుంటారా?

లేదు. టోనీ రిగ్లీ, కెనెత్ పోమెరాంజ్ లాంటి చరిత్రకారులు వేరేచోట బరువు పెడతారు: భూమికీ కలపకీ ఉన్న హద్దులు, బొగ్గు గనులు సరైన చోట ఉండటం. పైగా నూలు ఒక్క పరిశ్రమే. లండన్ ఇళ్లలో పొయ్యిలు అంతకు చాలాకాలం ముందు నుంచే బొగ్గుతో మండుతున్నాయి, ఇనుము కథ మళ్లీ వేరు. ఇళ్లలో మండే బొగ్గుకీ, యంత్రాన్ని తిప్పి ఆగకుండా పెరిగే లాభానికి మేతగా మండే బొగ్గుకీ తేడా ఉందని మాల్మ్ అంటారు. ఆ తేడా నాకు సబబుగానే తోచింది. ఒక్క పరిశ్రమ నుంచి ప్రపంచం మొత్తానికి గీత గీసేటప్పుడు మాత్రం ఆయన కలం కొంచెం వేగంగా పరిగెడుతుంది.

రెండు వందల ఏళ్ల నాటి మిల్లులకీ ఇవాళ్టి చమురు రాజకీయానికీ ఏం సంబంధం?

చాలా ఉంది. ఇవాళ మనం తరచుగా వినే భరోసా, "సౌర విద్యుత్తు చవకైపోయింది కదా, ఇక బొగ్గు, చమురు వాటంతట అవే పోతాయి" అన్నది. చవకైన మాట నిజం. 2010తో పోలిస్తే 2023 నాటికి కొత్త సౌర విద్యుత్తు ఖర్చు దాదాపు 90 శాతం పడిపోయింది. అయినా చవకైన నీటిని ఖరీదైన బొగ్గు ఓడించిన చరిత్ర ఒకసారి చదివాక, ఈ భరోసా అంత తేలిగ్గా మింగుడుపడదు.

చమురు కంపెనీల నడక చూడండి. 2030 నాటికి చమురు, గ్యాస్ ఉత్పత్తిని 40 శాతం తగ్గిస్తామని బీపీ 2020లో ప్రకటించింది. 2023లో ఆ లక్ష్యాన్ని 25 శాతానికి దించింది. 2025 ఫిబ్రవరిలో దాన్నీ వదిలేసి, చమురు, గ్యాస్‌లో పెట్టుబడి పెంచుతామని చెప్పింది. ఎక్సాన్ మొబిల్ 2023లో దాదాపు 6,000 కోట్ల డాలర్ల విలువతో పయొనీర్ అనే చమురు కంపెనీని కొనడానికి ఒప్పందం చేసుకుంది. త్వరలో మూతపడే వ్యాపారంలో ఎవరూ అంత డబ్బు పోయరు.

2021లో అంతర్జాతీయ ఇంధన సంస్థ ఒక లెక్క వేసింది. 2050 నాటికి నికర ఉద్గారాలు సున్నాకి రావాలంటే, అప్పటికే అనుమతి పొందినవి తప్ప కొత్త చమురు, గ్యాస్ క్షేత్రాల అవసరమే లేదని తేలింది. ఆ సంస్థ విప్లవకారుల క్లబ్బేమీ కాదు, 1970ల చమురు సంక్షోభం తర్వాత సంపన్న దేశాలు పెట్టుకున్నది. ఇంకోపక్క 2023లో దుబాయ్ సదస్సుకి అధ్యక్షత వహించింది అబుధాబి జాతీయ చమురు కంపెనీ అధిపతి సుల్తాన్ అల్ జాబెర్. శిలాజ ఇంధనాల నుంచి దూరం జరగాలన్న మాట సదస్సు తీర్మానంలోకి ఎక్కింది కూడా అక్కడే, మొదటి సదస్సు జరిగిన 28 ఏళ్లకి!

మాల్మ్, విమ్ కార్టన్ కలిసి రాసిన 'ఓవర్‌షూట్' 2024లో వచ్చింది. ఇప్పటికి భూతాపం పెరుగుదలలో 1.5 డిగ్రీల గీత దాటుదాం, తర్వాత ఎప్పుడో గాలిలోంచి కార్బన్‌ను వెనక్కి లాగుదాం అనే ఆలోచన మీద దాడి అది. గీత దాటడం ఎవరికి కలిసొస్తుందని అడిగితే, ఇప్పటికే తవ్విన బావులు, వేసిన పైపులు, కట్టిన రిఫైనరీలు ఉన్నవాళ్లకని వాళ్ల జవాబు. ఈరోజు ఆపేస్తే ఆ ఆస్తులన్నీ విలువ పోయి ఇనుప సామాను కింద మిగులుతాయి. ఆ నష్టాన్ని వాయిదా వేయడానికే 'తర్వాత చూద్దాం' అనే మాట పుట్టిందట. పరిశ్రమ కాలానికి ముందటితో పోలిస్తే 2024 ఏడాది సగటు 1.5 డిగ్రీలు దాటిన మాట గుర్తుంచుకుని ఈ పుస్తకం చదివితే, వాళ్ల గొంతులోని చేదు అర్థమవుతుంది.

'ఆంత్రోపోసీన్' అనే మాట ఆయనకు ఎందుకు నచ్చదు?

మనిషి భూమినే మార్చేసిన యుగం అనే అర్థంలో 2000లో శాస్త్రవేత్త పాల్ క్రట్జెన్ ఈ మాటను ప్రచారంలోకి తెచ్చారు. మాల్మ్, ఆయన సహోద్యోగి ఆల్ఫ్ హోర్న్‌బోర్గ్ 2014లో రాసిన వ్యాసంలో దీనికి అడ్డం తగిలారు. ఏ మనిషి? ఆవిరి యంత్రం పెట్టింది మానవజాతి కాదు, బ్రిటన్‌లో కొద్దిమంది మిల్లు యజమానులు. దాన్ని కోరుకుంటున్నారా అని మిగతా మానవజాతిని ఎవరూ అడగలేదు. 'అందరం కలిసి చేశాం' అంటే లెక్కలో చేసినవాడూ, భరించినవాడూ ఒకటైపోతారు.

ఈ ఆలోచనకు ఢిల్లీలో ఒక వేరుంది. పర్యావరణవేత్తలు అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ 1991లోనే బతుకుతెరువు కోసం వదిలే ఉద్గారాలనీ, విలాసం కోసం వదిలే ఉద్గారాలనీ ఒకే గాటన కట్టొద్దని వాదించారు. పొలంలో బురదలోంచి వచ్చే మీథేన్, పెద్ద కారు పొగ, రెండూ ఒకటి కావని. ఆ తర్వాత అమెరికన్ తత్వవేత్త హెన్రీ ష్యూ ఈ తేడాను నీతిశాస్త్రంలోకి తీసుకెళ్లారు. ఎక్కడ చేయి వేయాలో తేల్చడానికి మాల్మ్ వాడే కొలబద్ద కూడా ఇదే: ముందు విలాసం.

టైర్లలో గాలి తీసిన గొడవ ఏమిటి?

2007 వేసవిలో స్టాక్‌హోమ్‌లోని సంపన్నుల పేటల్లో పొద్దున్నే కారు దగ్గరికొచ్చినవాళ్లకు టైరు నేలకంటుకుని కనిపించేది. అద్దం మీద ఒక కరపత్రం ఉండేది. ఇది మీ మీద కోపం కాదు, మీ బండి మీద, నడవడానికీ బస్సెక్కడానికీ మీకు ఇబ్బంది ఉండదు అన్నది దాని సారాంశం. పెద్ద ఎస్‌యూవీలే గురి. వికలాంగుల బండ్లనూ, చేతిపనివాళ్ల బండ్లనూ వదిలేయాలని వాళ్లు నియమం పెట్టుకున్నారు. కొన్ని నెలల్లో దేశమంతటా 1,500కు పైగా బండ్లు ఇలా కూలబడ్డాయి. ఆ గుంపులో తానూ ఉన్నానని మాల్మ్ తర్వాత రాశారు.

ఏదీ పగలలేదు, కాలలేదు. గాలి కొట్టించుకుంటే బండి మళ్లీ నడుస్తుంది. అయినా ఊరంతా మండిపడింది. 1842లో బాయిలర్ బిరడా, 2007లో టైరు వాల్వు. చరిత్ర రాసిన మనిషి చేతికి అది యాదృచ్ఛికంగా తగిలిందనుకోను.

ఎస్‌యూవీలే ఎందుకన్న ప్రశ్నకు జవాబు 2019లో అంతర్జాతీయ ఇంధన సంస్థ లెక్కల్లో దొరికింది. 2010 నుంచి 2018 మధ్య ప్రపంచ ఉద్గారాల పెరుగుదలకు విద్యుత్ రంగం తర్వాత అతిపెద్ద కారణం ఆ బండ్లే. 2022లో బ్రిటన్‌లో మొదలైన 'టైర్ ఎక్స్‌టింగ్విషర్స్' బృందం ఇదే పని మళ్లీ ఎత్తుకుంది.

ఇదంతా హింస కాదా?

మాల్మ్ ఈ ప్రశ్నను తప్పించుకోరు. ఆస్తిని ధ్వంసం చేయడం ఒకరకంగా హింసేనని ఒప్పుకుంటారు. అయితే మనిషి ఒంటి మీద చేయి వేయడానికీ, ఇనుము మీద వేయడానికీ మధ్య పెద్ద గీత గీస్తారు. మొదటిది కూడదు, రెండోది కొన్ని పరిస్థితుల్లో సమర్థనీయం అన్నది ఆయన వైఖరి.

గీత కాగితం మీద స్పష్టంగానే ఉంది. చీకట్లో, పారిశ్రామిక స్థలంలో, భయంతో ఉన్న ఇరవై ఏళ్ల కుర్రాడి చేతిలో ఎంత స్పష్టంగా ఉంటుందన్నది నా సందేహం. కాపలావాడు ఉండొచ్చు, పైపులో ఏముందో తెలియకపోవచ్చు. ఈ సందేహానికి ఆ పుస్తకంలో నాకు సరిపోయే జవాబు దొరకలేదు.

పైప్‌లైన్ పగిలితే కాలుష్యం ఇంకా పెరగదా?

నిండుగా ఉన్నదైతే పెరుగుతుంది. 2022 సెప్టెంబరులో బాల్టిక్ సముద్రం అడుగున నార్డ్ స్ట్రీమ్ పైపులు పేలినప్పుడు భారీగా మీథేన్ లీకైంది. ఆ పేలుళ్లు యుద్ధ రాజకీయాలకు చెందినవి, వాతావరణ ఉద్యమానికి వాటితో పనిలేదు. మాల్మ్ బరువు పెట్టేది ఇంకా మొదలుకాని కొత్త నిర్మాణాల మీద. పెట్టుబడి పెట్టేవాడికి "ఇది రిస్కు" అనిపించాలని.

అసలు పైప్‌లైన్ పుట్టుకే ఇలాంటి గొడవలో జరిగింది. 1865లో పెన్సిల్వేనియాలో శామ్యూల్ వాన్ సైకెల్ రెండంగుళాల గొట్టం సుమారు ఎనిమిది కిలోమీటర్లు వేసి చమురు పారించాడు. అప్పటిదాకా పీపాలను గుర్రపుబండ్ల మీద మోసి బతికినవాళ్లు వచ్చి ఆ గొట్టాన్ని విరగ్గొట్టారు. తుపాకులతో కాపలా పెట్టాల్సి వచ్చింది.

అహింసే ఎక్కువసార్లు గెలుస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి కదా?

ఎరికా చెనోవెత్, మరియా స్టెఫాన్ 2011లో ప్రచురించిన అధ్యయనం సంగతి ఇది. జనాభాలో 3.5 శాతం కదిలితే చాలు, ఉద్యమం గెలుస్తుందన్న సూత్రం కూడా చెనోవెత్ పరిశోధన నుంచి వచ్చిందే. 2018లో బ్రిటన్‌లో మొదలైన ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ అనే వాతావరణ ఉద్యమ బృందం దీన్ని దాదాపు మంత్రంలా పట్టుకుంది. మాల్మ్ అభ్యంతరం ఏమిటంటే, ఆ లెక్కలు ఎక్కువగా నియంతల్ని దించిన ఉద్యమాలవి. ఒక పాలకుణ్ణి దించడం వేరు, ఆర్థిక వ్యవస్థలో నరనరానా పారుతున్న ఇంధనాన్ని ఆపడం వేరు. పైగా 'పూర్తిగా అహింస' అని చెప్పుకునే ఉద్యమాల చరిత్రను ఇస్త్రీ చేశారంటారు. ఓటు కోసం పోరాడిన బ్రిటన్ మహిళలు కిటికీలు పగలగొట్టారు, ఖాళీ భవనాలకు నిప్పుపెట్టారు. దక్షిణాఫ్రికాలో మండేలా పార్టీ సాయుధ విభాగం 1980 జూన్‌లో సాసోల్ ఇంధన కర్మాగారాలను పేల్చింది.

గాంధీ గురించి కూడా రాస్తారు, 1918లో బ్రిటిష్ సైన్యం కోసం ఆయన మనుషుల్ని చేర్పించడానికి తిరిగిన సంగతి ఎత్తిచూపుతూ. సంగతి నిజమే. ఆ పేజీలు మాత్రం నాకు మొత్తం పుస్తకంలో బలహీనమైనవిగా తోచాయి. ఒక మనిషి అవకతవకల్ని లెక్కపెట్టడం సులువు, ఆయన వెంట లక్షలమంది ఎందుకు నడిచారో చెప్పడం కష్టం.

ఉద్యమంలో అతివాదుల వల్ల మితవాదులకు లాభమా, నష్టమా?

దీనికి 'రాడికల్ ఫ్లాంక్' ప్రభావం అని పేరు. అమెరికా నల్లజాతి ఉద్యమాన్ని చదివిన హెర్బర్ట్ హైన్స్ పెట్టిన మాట. ఒక అంచున గట్టిగా అరిచేవాళ్లుంటే, మధ్యలో మెల్లగా మాట్లాడేవాళ్లు అధికారులకు ముద్దొస్తారన్నది సారం. 2022 నవంబరులో, చమురు ఆపాలని పోరాడే జస్ట్ స్టాప్ ఆయిల్ బృందం లండన్ చుట్టూ ఉన్న ఎం25 రహదారిని ఆపినప్పుడు చేసిన సర్వేలో, ఆ బృందం గురించి ఎక్కువగా విన్నవాళ్లలో మితవాద సంస్థ ఫ్రెండ్స్ ఆఫ్ ది ఎర్త్‌కి మద్దతు పెరిగినట్టు తేలింది. ఆ సర్వే ఫలితం 2024లో నేచర్ సస్టెయినబిలిటీ పత్రికలో వచ్చింది.

ఇది ఎప్పుడూ పనిచేస్తుందని కాదు. 2019 అక్టోబరులో లండన్ కానింగ్ టౌన్ స్టేషన్లో ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ వాళ్లు మెట్రో రైలు పైకెక్కారు. పొద్దున్నే పనికి పోయే జనం వాళ్లను కిందికి లాగి కొట్టారు. కాలుష్యం తగ్గించే రైలునే ఆపడమేమిటని మాల్మ్ కూడా తప్పుపట్టారు. అహింస పాటించినా గురి తప్పితే ఇంతేనని ఆయన ఉదాహరణ. ఈ విషయంలో ఆయనతో పేచీ లేదు.

ఒక ప్రొఫెసర్ పేరు ప్రభుత్వ ఉత్తర్వులోకి ఎలా ఎక్కింది?

ఫ్రాన్స్‌లో. 2023 మార్చిలో సాంత్ సోలీన్ దగ్గర పెద్ద నీటి నిల్వ చెరువుల నిర్మాణానికి వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసులకీ నిరసనకారులకీ తీవ్రమైన ఘర్షణ జరిగింది. ఆ ఉద్యమాన్ని నడిపిన వాటిలో 'లె సులెవ్‌మాఁ ద లా తేర్' (భూమి తిరుగుబాట్లు) అనే కూటమి ఒకటి. జూన్‌లో ప్రభుత్వం దాన్ని రద్దు చేస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మాల్మ్ ఆలోచనల నుంచి ఆ కూటమి ప్రేరణ పొందుతోందని, పుస్తకం పేరుతో సహా అందులో రాసింది. నవంబరులో అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆ ఉత్తర్వును కొట్టేసింది. ఆస్తుల మీద హింసకు ప్రేరేపించిన మాట వాస్తవమేగానీ, రద్దు చేసేంత చర్య దానికి తగిన మోతాదు కాదని చెప్పింది. మనుషుల మీద హింసకు ప్రేరేపించినట్టు రుజువు కాలేదంది. మాల్మ్ గీసిన గీతే, న్యాయమూర్తుల భాషలో!

రాసేది ప్రొఫెసర్, జైలుకెళ్లేది ఇంకొకరు. ఇదేం న్యాయం?

నన్ను అన్నిటికంటే ఇబ్బంది పెట్టే ప్రశ్న ఇది. అమెరికాలో డకోటా యాక్సెస్ పైప్‌లైన్ నిర్మాణ సమయంలో యంత్రాలకు నిప్పుపెట్టి, పైపులను దెబ్బతీసిన జెస్సికా రెజ్నిచెక్ 2017లో తనంతట తానే బయటికొచ్చి ఒప్పుకుంది. ఎవరికీ గాయం కాలేదు. 2021లో ఎనిమిదేళ్ల శిక్ష పడింది, అదీ ఉగ్రవాదానికి వర్తించే అదనపు నిబంధన కింద. సుమారు 1,900 కిలోమీటర్ల ఆ గొట్టంలో 2017 నుంచి చమురు పారుతోంది. బ్రిటన్‌లో ఎం25 నిరసనకు పథకం వేసినందుకు, ఎక్స్‌టింక్షన్ రెబెలియన్ వ్యవస్థాపకుల్లో ఒకరైన రోజర్ హాలమ్‌కి 2024లో ఐదేళ్లు వేశారు, అప్పీలులో నాలుగుకి తగ్గింది. ఆయన ఏ యంత్రాన్నీ ముట్టుకోలేదు, ఒక ఆన్‌లైన్ సమావేశంలో మాట్లాడారు.

మాల్మ్ తరఫున ఒక మాట చెప్పాలి. ఆయన గదిలో కూర్చుని మాత్రమే రాయలేదు. 2016లో జర్మనీలో ఎండె గెలెండె అనే బొగ్గు వ్యతిరేక బృందం పిలుపు మీద వేలమందితో కలిసి ష్వార్జె పుంపె బొగ్గు విద్యుత్ కేంద్రం దగ్గరికి నడిచారు, కంచెలు పడదోసి లోపలికి వెళ్లారు. ఆ కేంద్రం అప్పట్లో స్వీడన్ ప్రభుత్వ కంపెనీ వాటెన్‌ఫాల్‌ది, అంటే ఒకరకంగా ఆయన దేశం సొత్తే. అయినా నడవడానికీ, ఎనిమిదేళ్ల శిక్షకీ దూరం చాలా ఎక్కువ. ఆ దూరం ఆయన రాతలో నాకు సరిగా కనిపించదు.

లెనిన్ పేరు ఎందుకు లాక్కొస్తారు?

2020లో కరోనా మీద రాసిన పుస్తకంలో. ఒక వైరస్ కోసం ప్రభుత్వాలు విమానాలనే ఆపగలిగినప్పుడు చమురును ఎందుకు ఆపలేవన్నది మొదటి ప్రశ్న. ఆపగల శక్తి రాజ్యానికే ఉంది, కాబట్టి ఉద్యమాల పని దానిమీద ఒత్తిడి పెట్టడమంటారు. రష్యా అంతర్యుద్ధంలో దొనెట్స్క్ బొగ్గు, బాకూ చమురు చేజారాక లెనిన్ నడిపిన బోల్షెవిక్కులు అడవి కలపతో రైళ్లు నడిపిన సంగతిని ఇష్టంగా చెబుతారు. ఆసక్తికరమైన సంగతే. అదే కాలంలో ఆ రాజ్యం మనుషుల్ని ఏం చేసిందన్నది పక్కకు నెట్టి మెచ్చుకోవడం నావల్ల కాదు.

పాలస్తీనా మీద ఆయన మాటలు ఎందుకు వివాదమయ్యాయి?

పాలస్తీనా ఉద్యమంతో ఆయనకు చాలాకాలంగా సంబంధం ఉంది. 2024లో బేరూత్‌లో ఇచ్చిన ఉపన్యాసంలో, 1840లో బ్రిటన్ బొగ్గుతో నడిచే ఓడలతో పాలస్తీనా తీరంలోని అక్కా పట్టణాన్ని పేల్చిన ఘటన నుంచి గాజా దాకా ఒకే దారం లాగారు. 2023 అక్టోబర్ 7 హమాస్ దాడి వార్త విన్న తొలి గంటల్లో తమకు కలిగింది హర్షమని కూడా అందులో ఉంది. వందలమంది సామాన్యులు చనిపోయిన రోజు గురించి ఆ మాట అనడం చాలామంది పాఠకుల్ని ఆయనకు దూరం చేసింది. మనుషుల ఒంటి మీద చేయి వేయకూడదన్న ఆయన గీత ఇక్కడ ఏమైందన్న ప్రశ్న న్యాయమైనదే.

వామపక్షంలోనే ఆయనతో విభేదించేవాళ్లున్నారా?

బోలెడుమంది. అమెరికా భూగోళ శాస్త్రవేత్త మాథ్యూ హ్యూబర్ దృష్టిలో మార్పు రావాల్సింది విద్యుత్ రంగంలోని కార్మిక సంఘాల ద్వారా. టైర్లలో గాలి తీస్తే కార్మికులు పక్షాన చేరరంటారు. తిమోతి మిచెల్ బొగ్గు చరిత్రను మరోవైపు నుంచి చదివారు. గనులూ, రైళ్లూ చేతిలో ఉన్న కార్మికులు సరఫరా బిగబట్టి హక్కులు సాధించుకున్నారు, చమురు గొట్టంలోకి వెళ్లాక ఆ బలం సడలిందని. మాల్మ్ బొగ్గును యజమాని ఆయుధంగా చూస్తే, మిచెల్ అదే బొగ్గు కార్మికుడి చేతిలోనూ ఆయుధమైందని చూపిస్తారు. ఇద్దర్నీ కలిపి చదివితేనే 1842 నాటి బాయిలర్ బిరడా పూర్తిగా అర్థమవుతుంది.

ఎక్కడ మొదలుపెట్టి చదవాలి?

పైప్‌లైన్ పుస్తకంతో మొదలుపెట్టొద్దు. 'ఫాసిల్ కాపిటల్' లావుగా ఉంటుంది, నిజమే. భయపడితే నీటి చక్రాలకూ ఆవిరికీ పోటీ నడిచే అధ్యాయాలు మాత్రం చదవండి, సిద్ధాంతం గట్టిగా ఉన్న పేజీలు దాటేసినా ఫర్వాలేదు. యూరప్‌లో మితిమీరిన జాతీయవాద పార్టీలు శిలాజ ఇంధనాలకు ఎందుకు కొమ్ముకాస్తాయో తెలుసుకోవాలనుకుంటే, జెట్కిన్ కలెక్టివ్ అనే పరిశోధకుల బృందంతో కలిసి 2021లో రాసిన 'వైట్ స్కిన్, బ్లాక్ ఫ్యూయెల్' ఉంది. ఆ తర్వాత 'ఓవర్‌షూట్'. పైప్‌లైన్ పుస్తకం చివరికి పెట్టుకోండి, ఒక సాయంత్రంలో అయిపోతుంది.